సిద్ధమ్మ మోకాలు

సిద్ధమ్మను చంపింది మద్రాసు డాక్టరు. ఆ విషయంలో మునెయ్యకు ఏ సందేహమూ లేదు. ఐరాలలో తెల్లవారుజామున బస్సెక్కినప్పుడూ లేదు, తిరుపతిలో కూతురు నిర్మలమ్మ ఇంటి వసారాలో కాళ్లు కడుక్కున్నప్పుడూ లేదు.

"లాయరు వచ్చే యాళయింది. ఆసుపత్రి కాగితాలు బయట పెట్టుమ్మా."

"కాగితాలు యాడికీ పోవు నాయనా. ముందు ఇడ్లీ తిను."

"ఆ డాక్టరు బోనెక్కినాకే నేను తినేది."

"అయితే నువ్వు పస్తే. మన కోర్టుల సంగతి నీకు తెల్దు."

మునెయ్య నవ్వలేదు. రెండేళ్లు కర్ర పట్టుకుని కుంటిన భార్యకు మద్రాసులో మోకాలి కీలు తీసి ఇనుప కీలు వేయించాడు. మూడు నెలలకు ఆమె కర్ర పారేసి నడిచింది. నాలుగో నెలలో కాలు వాచి చీము పట్టింది. మళ్లీ కోసి ఆ కీలు తీసేశారు. విషం ఒళ్లంతా పాకి, ఆరు వారాలకు ఆమె పోయింది. దీనికి డాక్టరు కాక ఇంకెవరు కారణం?

లాయరు సుబ్రమణ్యం కూడా ఐరాల వైపు మనిషే. వచ్చి కూర్చుని కాగితాలన్నీ నిదానంగా చదివాడు.

"దారులు మూడుండాయి పెద్దాయనా. సివిల్ కోర్టులో దావా వెయ్యొచ్చు, ఏండ్లు పడతాది. డాక్టర్ల కౌన్సిల్‌కు ఫిర్యాదు రాయొచ్చు. ఇంగోటి, మూడేండ్ల కింద వచ్చిన వినియోగదారుల చట్టం. దానికి కోర్టు ఫీజు లేదు. కానీ డాక్టర్లు దాని కిందికి వస్తారా రారా అని ఇంకా తగువు నడస్తా ఉండాది. ఏది వేసినా మద్రాసులోనే."

"లైసెన్సు పీకించేది వెయ్యి."

"వేస్తాం. ముందు ఒకటి చెప్పు. మోకాలు నేలకు ఆనించరాదు అని ఈ చీటీలో రాసుండాది. ఆయమ్మ యాడన్నా ఆనించిందా?"

"లేదు."

వంటింటి గుమ్మంలో నిలబడిన నిర్మలమ్మ నెమ్మదిగా అంది. "మోకాళ్ల పర్వతం సంగతి ఏంది నాయనా?"

"అది మొక్కుమ్మా. దేవుడి పని. అది లెక్కలోకి రాదు."

లాయరు కలం మూత పెట్టాడు.

ఆపరేషన్ గది బయట కూర్చుని మునెయ్యే మొక్కుకున్నాడు, తన ఆడమనిషి నడిస్తే మోకాళ్ల పర్వతం మెట్లు మోకాళ్లతో ఎక్కిస్తానని. ఆమె కర్ర పారేశాక, కింది నుంచి అంత దూరం నడవలేకపోతుందని బస్సులో కొండమీదికి తీసుకుపోయాడు. నడకదారి వెంట ఆ మెట్ల మొదటిదాకా దింపి, అక్కడి నుంచి ఎక్కించాడు. ఎక్కడం వల్ల మోకాలికి ఏమైనా అవుతుందని ఆయనకు తోచనే లేదు. కాలు ఇచ్చిన దేవుడి దగ్గర కాలికి కీడు ఎట్లా జరుగుతుంది?

"ఈ సంగతి డాక్టరుకు తెలుసునా?" లాయరు అడిగాడు.

"ఎవురు చెప్తారు?"

"అయితే ఆ మాట మనమూ ఎత్తొద్దు. ఆయమ్మ వెంట ఉండింది నిర్మలమ్మ గదా. డాక్టరు చెప్పినట్టే నడుచుకున్నామని సంతకం పెడితే సాలు."

"పెడతాది," అన్నాడు మునెయ్య.

"పెట్టను," అంది నిర్మలమ్మ.

"ఏం, ఆ డాక్టరు నీకు మేనమామా?"

"నువ్వు గోవిందా అంటా ముందు పోతాంటివి నాయనా. ఒక్కసారి కూడా తిరిగి సూడలేదు. పది మెట్లకే అమ్మకు తోలు లేసిపోయింది. లేపబోతే, మీ నాయన మాటిచ్చినాడు, పైదాకా పోనీ అనింది. ఆ చీర నెత్తురు నేను ఉతికినా. మొక్కు సరిగా జరగలేదని దిగులు పడతాడు, చెప్పొద్దని నాతో ఒట్టేయించుకునింది."

మునెయ్య గొంతు తగ్గింది. "వాపొచ్చినప్పుడు డాక్టరు అడగలేదా?"

"అడిగినాడు. బచ్చలింట్లో నీళ్లు పోసుకుంటా జారిపడినానని చెప్పింది. నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నా." నిర్మలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లాయరు కాగితాలు మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇప్పటికైనా మించిపోయింది లేదు పెద్దాయనా. ఇది బయట ఎవురికీ తెల్దు."

"నాకు తెలిసింది గదప్పా. కేసు వద్దు. నువ్వు పోయిరా."

లాయరు వెళ్లాక మునెయ్య కాగితాలన్నీ సంచిలో పెట్టి మూతి కట్టాడు. ముడి సరిగా పడలేదు. నిర్మలమ్మ వచ్చి పక్కన కూర్చుని ఆ ముడి వేసింది. ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. సిద్ధమ్మను మట్టి చేసిన రోజు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. కూతురు కళ్లు తుడవబోతే తుడవనివ్వలేదు.

డాక్టరు మీద కోపం ఆయనకు పూర్తిగా పోలేదు. చీము పట్టిన కాలిని చూసి కూడా, జారిపడ్డానన్న మాట నమ్మి పదిరోజులు ఊరికే ఉన్నాడు. అది తప్పే. కాని ఆ తప్పు రెండోది.

"తెలీక చేసినావు నాయనా. అమ్మ నిన్ను ఏనాడూ..."

"సాలుమ్మా." ఆయన లేచి నిలబడ్డాడు. "తెలిసి చేసినా తెలీక చేసినా చేసింది నేను. నీ మీద మాత్రం ఏమీ లేదు, అది మనసులో పెట్టుకోవాకు. ఇంక ఈ మాట నువ్వు నా దగ్గర ఎత్తొద్దు, నేను ఎవురి దగ్గరా ఎత్తను. సచ్చేదాకా ఎత్తను."