సౌనాలో బుస

మా సరస్సు ఒడ్డున ఒక పాడుబడ్డ సౌనా ఉంది, పొయ్యి మీద రాళ్లు కాల్చి, నీళ్లు పోసి ఆవిరి పట్టే స్నానాల గది. యజమాని పోయాక దాని పొయ్యి వెలిగించినవాళ్లు లేరు. ప్రతి సౌనాకీ తోంతు అని కంటికి కనబడని ఒక పొట్టి ముసలి కాపలాదారు ఉంటాడు కదా... ఆవిరి తగలక అతగాడికి పిచ్చెక్కిందనీ, చీకటి పడ్డాక అటు పోకూడదనీ మా ఊళ్లో అంటారు. చలికాలం మాకు చీకటి పడేదెప్పుడు? మధ్యాహ్నం తిన్నది అరగకముందే!

ఇక ఈ సంగతి మా పక్కింటి తైమి చెప్పింది. నవ్వుతూనే చెప్పింది.

ఆమె మొగుడు ఊర్హోకి ఒక పాత కారుంది. పెళ్లికి ముందు ఇద్దరూ షికార్లు తిరిగిన కారు. బ్యాటరీ చచ్చి, ఆ సౌనా వెనకాలే పడుంది. విసుగెత్తి, తెల్లారి వచ్చి పట్టుకుపొమ్మని పాతసామాన్లవాడికి తైమి కబురుపెట్టేసింది.

ఆ సాయంత్రం ఊర్హో కనబడలేదు. వెతుక్కుంటూ వెళ్లిన తైమికి సౌనా కిటికీలో ఒక పచ్చటి కన్ను... కుళ్లిన గుడ్ల కంపు... లోపల్నించి స్స్స్... మని బుస.

ఆ వెంటనే గుసగుస — "చావకే బంగారం... కాసేపు ఓర్చుకో..."

మొగుడి గొంతు!

దెయ్యం భయం ఎటు పోయిందో, ఆ బంగారం ఎవతో తేలుద్దామని తలుపు ఒక్క తన్ను తన్నింది.

ఊర్హో ఒళ్లో బ్యాటరీ! తైమి ఉన్ని శాలువాలో చుట్టి, పసిబిడ్డలా. దాన్నుంచి రెండు తీగలు, వాటి చివర వెలుగుతున్న హెడ్‌లైటు బల్బు.

"నెమ్మదే! ఇంట్లో ఛార్జింగు పెడితే కంపని గెంటేశావుగా. అందుకే ఎక్కిన ఛార్జి నిలుస్తుందో లేదో ఇక్కడ చూస్తున్నా. బల్బు మసకబారకపోతే బతికినట్టే. బతికితే... కారు ఉంచుకుందామే తైమీ."

"నన్నెప్పుడైనా బంగారం అన్నావా ముసలాడా?"

"నువ్వెప్పుడైనా చావబోయావా?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

"సరేగానీ, ముందు దాని బుస ఆపు."

"దానికి బుసేమిటే? ఛార్జరు ఇంట్లోనే ఉంది. ఊరికే బల్బు వెలిగిస్తే బ్యాటరీ చప్పుడు చెయ్యదు..."

ఇద్దరూ మెల్లగా పొయ్యి వైపు తిరిగారు. ఏళ్లుగా నిప్పెరగని రాళ్లు.

స్స్స్స్స్... కాలిన రాళ్ల మీద గరిటెడు నీళ్లు పోసినట్టు. వెచ్చటి ఆవిరి వచ్చి మొహాలకి తగిలింది.

ముందు తైమి, వెనక బ్యాటరీ ఎత్తుకుని ఊర్హో — ఒకటే పరుగు! ఆ కంగారులో కారుకి బ్యాటరీ ఎలా బిగించాడో ఏమో. తాళం తిప్పాడు. ఎముకలు కొరికే ఆ చలిలో ఒక్క తిప్పుకే గుర్రుమంది కారు!

"బతికిందే!"

"ముందు పోనియ్యవయ్యా!"

గడ్డకట్టిన సరస్సు మీద, చిన్నపిల్లల్లా కేకలు పెడుతూ గిరగిరా తిరిగారుట. తెల్లారి వచ్చిన పాతసామాన్లవాడికి కాఫీ ఇచ్చి పంపేశారు.

తరవాత, పరుగులో అక్కడే జారిపోయిన శాలువా కోసం వెళితే — పొయ్యి పక్కన బల్ల మీద చక్కగా మడతపెట్టి ఉందిట. తడిగా... ఎవరో స్నానం చేసి, ఒళ్లు తుడుచుకున్నట్టు.