నాన్నకి ఉంచిన గడి

2008లో అనకాపల్లి స్టేషన్ రోడ్డులో పరదేశి సెల్‌ఫోన్ల షాపు తెలియని కాలేజీ పిల్లలు లేరు. మెమరీ కార్డు చేతికిస్తే చాలు, పాటలూ రింగ్‌టోన్లూ చిటికెలో ఎక్కించేసేవాడు. ఏ ఫోన్లో ఏది ఎక్కడ దాక్కుంటుందో అతనికి కొట్టిన పిండి. ఆ ధీమాయే కొంప ముంచింది.

అతనికి ఒక్కతే కూతురు, లావణ్య. పద్నాలుగేళ్లది. మేనమామ సింగపూర్ నుంచి తెచ్చిన గేమ్ మెషిన్, చేతుల్లో పట్టుకుని ఆడుకునే రకం, ఆ పిల్లకి ప్రాణం. నాలుగు నలభైకి బడినుంచి రావడం, సంచీ విసిరేయడం, మంచమ్మీద బోర్లా పడుకుని టిక్కు టిక్కుమని బటన్లు నొక్కడం. ఎంతవరకు ఆడిందో అందులోనే దాచుకునేది. తెర మీద ఒక్కొక్కరికీ ఒక్కో గడి. గడిలో చిన్న బొమ్మ, పేరు, తేదీ, ఎన్ని గంటలు ఆడారో లెక్క. ఒకటి తన పేరున. రెండోది నాన్న పేరున, సున్నా గంటలు.

"నీకూ ఓ గడి పెట్టేను నాన్నా. వచ్చి కూకో."

"షాపుకాడ జనం ఉన్నారమ్మా. రేపు ఆడదాం."

ఆ రేపులతోనే రెండేళ్లు గడిచిపోయాయి. పరదేశి ఒక్కనాడూ కూర్చోలేదు. వినాయక చవితి వెళ్లిన వారానికి పిల్లకి జ్వరం తగులుకుంది. తొమ్మిదో రోజున పోయింది.

పన్నెండో రోజున పిల్ల బట్టలు, చెప్పులు, పుస్తకాలు శారదా నది ఒడ్డున వదిలేసి వచ్చారు. పోయినవాళ్ల వస్తువు ఇంట్లో ఉంటే వాళ్లు కదల్లేరని పెద్దవాళ్ల నమ్మకం. పరదేశి మెషిన్ ఒక్కటీ జేబులో దాచేశాడు.

"అది కూడా ఒగ్గీ మావా," అంది భార్య ఈశ్వరి.

"అందులో పిల్ల ఫొటోలున్నాయే."

ఉన్నమాట నిజమే. బడి వార్షికోత్సవంలో లావణ్య ఆడిన డాన్సు వీడియో కూడా అందులోకి ఎక్కిస్తే ఈశ్వరి చూసుకుంటుందనుకున్నాడు. మెషిన్లో ఉన్న మెమరీ కార్డులో చోటు లేదు. ఫొటోలూ పాటలూ ఉన్న ఫోల్డర్లు కంప్యూటర్లోకి తీసుకుని, కార్డు ఫార్మాట్ చేసి, పాటలు కంప్యూటర్లోనే ఉంచి ఫొటోలూ వీడియో ఎక్కించాడు. ఇంకో ఫోల్డర్ కనబడింది గానీ పట్టించుకోలేదు. తను చూసిన ఫోన్లలో ఆటల లెక్క ఫోన్లోనే ఉండేది మరి. ఈ మెషిన్ దారి వేరు. ఆడిందంతా కార్డులోనే, ఆ ఫోల్డర్లోనే.

మెషిన్ ఆన్ చేస్తే గడులు లేవు. ఏమీ లేదని ఓ ముక్క మాత్రం రాసి ఉంది. పిల్ల రెండేళ్ల సాయంత్రాలు తన చేత్తో తనే తుడిచేశాడు. షాపు షట్టరు సగానికి దించి, కౌంటరు వెనక కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

మర్నాడు పొద్దుట్నుంచీ ముసురు. బజారు వైపు నుంచి తడిసిన బెల్లం వాసన వస్తోంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. జనం లేరు. చూరు నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు సొరుగులోంచి...

టిక్కు. టిక్కు టిక్కు.

ఎలకేమో అనుకుని సొరుగు లాగాడు. మెషిన్ వెలుగుతోంది. తెర మీద ఒక గడి. లావణ్య పేరు. ఇవాళ్టి తేదీ. నాలుగు నలభై.

గోడ గడియారం చూశాడు. నాలుగు నలభై ఒకటి.

ఎక్కడిదో బామ్ వాసన... జ్వరంలో పిల్ల నుదుటికి తను రాసిన బామ్. భయం వేయలేదంటే అబద్ధం. కానీ భయాన్ని మించి ఆశ పుట్టింది, అదీ అతని ఖర్మ.

టీ ఫ్లాస్కుతో ఈశ్వరి లోపలికి వచ్చింది. తెర చూసి అక్కడే ఆగిపోయింది.

"ఎవులాడేరు?"

"నాను కాదు."

"మావా... దాన్ని ఏట్లో ఒగ్గీ. పిల్ల ఎల్లలేకపోతంది. నీకోసమే ఉండిపోనాది."

పరదేశి కార్డు బయటికి లాగి పిడికిట్లో బిగించాడు. కార్డు లేకపోతే ఆ మెషిన్ ఏ గడీ చూపించదు. ఆ సంగతి ఇప్పుడతనికి బాగా తెలుసు.

తెర ఆరిపోయింది. మళ్లీ వెలిగింది.

గడులు... రెండు.

రెండోది నాన్న పేరున. సున్నా గంటలు కాదు. ఒక గంట ఆడినట్టుంది. ఈశ్వరి తేదీ చదివి అతని చొక్కా పట్టుకుంది. రేపటి తేదీ. నాలుగు నలభై.

"రేపు ఇంట్లోంచి కదలకు మావా... నీకు దండం పెడతాను."

పరదేశి వినలేదు. తెర మీద పేరుని బొటనవేలితో నిమురుతున్నాడు. "వత్తానమ్మా," అన్నాడు మెల్లిగా. "ఈపాలి నిజంగా వత్తాను."

మెషిన్ లాక్కుందామని ఈశ్వరి అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది. నుదురు తాకి చూసింది. ఎవరూ రాయని బామ్ ఆమె వేళ్లకి అంటుకుంది.