పెరట్లో మొలిచిన కాశీరత్నం

డాక్టర్ మెహరున్నీసా ఆకు చివర గోరంత ముక్క తుంచి యంత్రంలో పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. పంపు పక్కన గోడకు పాకిన ఆ తీగకు రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది లాస్య.

అప్పటికి విజయనగరంలో వాటంతటవే మొలిచిన ప్రతి మొక్కకూ పరీక్ష తప్పనిసరి. ఏదో లేబొరేటరీలో జీన్స్ మార్చి పుట్టించిన పూలమొక్క ఒకటి ఊరంతా వ్యాపించింది. దాని పుప్పొడి తగిలి చుట్టుపక్కల తోటలు కాపు మానేశాయి. దాన్ని ఏరిపారేయడానికే మెహరున్నీసా ఈ యంత్రం తయారు చేసింది. ఆకులోని డీఎన్ఏ చదివి, అది ఏ మొక్కో, ప్రమాదకరమో కాదో చెబుతుంది. ఊళ్లోని మొక్కలన్నిటి డీఎన్ఏ దాని మెమరీలో ఉంది కాబట్టి తల్లి మొక్క ఎక్కడుందో కూడా చెబుతుంది. అందరికీ అర్థమవ్వాలని, గొంతెత్తి మరీ చెబుతుంది.

"మేడమ్, ఉంచుకోవచ్చో లేదో, అదొక్కటే చెప్పండి. మిగతావి మాకొద్దు" అంది లాస్య.

"ఏమ్మా?"

లాస్య తీగకు ఇంకా దగ్గరగా జరిగింది. ఆమె భర్త భార్గవ్ చెప్పాడు. "మా పాప కిన్నెర ఇక్కడే ఏవో గింజలు పాతిందండీ. ఏం గింజలే అంటే, మొలిచాక చూద్దువులే నాన్నా అంది. ఆ వారమే జ్వరం వచ్చింది. పాప పోయి రెండేళ్లయింది. ఈ వానలకు ఇది మొలిచింది. అప్పట్నుంచీ లాస్య మళ్లీ వేళకు అన్నం తింటోంది."

మెహరున్నీసా గబగబా యంత్రం గొంతు ఆపబోయింది. దానికి అలాంటి మీట ఆమె పెట్టనేలేదు.

"కాశీరత్నం" అంది యంత్రం. "ప్రమాదం లేదు. ఉంచుకోవచ్చు. తల్లి మొక్క వీధి చివర పార్కు కంచె మీద ఉంది."

"ఆ పార్కు నిరుడే కదా వేసింది..." అని భార్గవ్ నాలిక కరుచుకున్నాడు.

లాస్య చేతులు మెల్లగా కిందికి దిగాయి.

"ఒక్కోసారి యంత్రాలు పొరపడతాయమ్మా" అంది మెహరున్నీసా.

"ఇది పొరపడుతుందా?"

మెహరున్నీసా తల దించుకుంది.

"అయితే దీనికి వేరే అమ్మ ఉందన్నమాట" అంది లాస్య.

వారం తిరక్కుండా మెహరున్నీసా మనసు ఆగక మళ్లీ వచ్చింది. పంపు పక్కన గోడ బోసిగా ఉంది. కింద తవ్విన గుంట.

"లాస్య పార్కులో ఉందండీ" అన్నాడు భార్గవ్. "వద్దే, ఉంచుకోవచ్చన్నారుగా అని బతిమాలాను. వినలేదు. వేళ్లతో సహా పెకలించి పట్టుకుపోయింది."

పార్కు కంచె నిండా ఎర్రటి నక్షత్రాల్లా కాశీరత్నం పూసి ఉంది. దాని మొదట్లో లాస్య చతికిలబడి కూర్చుంది. ఆమె ముందు, పెరట్లోంచి తెచ్చి నాటిన తీగ. దారాల్లాంటి ఆకులు నల్లబడి వేలాడుతున్నాయి.

"వచ్చారా మేడమ్? దీన్ని వాళ్లమ్మ దగ్గరికి చేర్చేశాను" అంది లాస్య. "పిల్ల కనబడకపోతే ఎంత వెతుక్కుంటుందో పాపం! ఎవరి పిల్లనో మనం ఉంచేసుకుంటే ఎలాగండీ?"

మెహరున్నీసా పక్కనే కూర్చుని కాండం పట్టుకు చూసింది. మొదలుదాకా ఎండిపోయింది. పూత మీదున్న కాశీరత్నాన్ని పెకలిస్తే బతకదని చెప్పడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

"కొత్త చోటు కదా, కాస్త వాడింది. బతుకుతుంది కదండీ?"

లాస్య కళ్లలోకి చూసింది మెహరున్నీసా.

"బతుకుతుందమ్మా."

"రోజూ నీళ్లు పోయనా?"

"పోయమ్మా."

లాస్య మగ్గు తీసుకుని పార్కు కుళాయి వైపు నడిచింది. ఆమె తిరిగొచ్చేలోపు తీగ పక్కకు ఒరిగిపోకుండా, మెహరున్నీసా రెండు చేతులతో దాని మొదట్లోకి మట్టి ఎగదోస్తూ కూర్చుంది.