వెనక స్పీకర్

సుందరాబాయి చాయ్ కప్పు అంబాదాస్ ముందు పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్తూ చెప్పింది. "హర్షద ఫోన్ చేసింది. పిల్లకు జ్వరం తగ్గిందంట."

అంబాదాస్ తలెత్తలేదు. పేపర్‌తో వచ్చిన దుకాణం పాంప్లెట్ చూస్తున్నాడు. కాసేపటికి, "ఈ హోం థియేటర్ చూసినవా? ఐదు స్పీకర్లంట" అన్నాడు.

మనవరాలి జ్వరం గురించి ఒక్క మాట అడగలేదు. సుందరాబాయి పిండి కలపసాగింది.

ముప్పై ఐదేళ్లు పవర్‌లూమ్ మీద చద్దర్లు నేసి, రెండేళ్ల కింద ఆయన పని మానేశాడు. దాజీ పేట్‌లోని ఈ రెండు గదుల్లో ఇక తీరిగ్గా మాట్లాడుకోవచ్చని ఆమె ఎంతో ఆశపడింది. కూతురు హర్షద పెళ్లయి పుణెకు వెళ్లిపోయింది. ఉన్నది ఇద్దరే. కానీ ఆమె ఏం చెప్పినా ఆయన ఊఁ అంటాడు, లేదా అదీ అనడు. మెల్లగా ఆమె కూరగాయలతో, గిన్నెలతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఈ మనిషికి తనంటే మొహం మొత్తిందని ఎన్నోసార్లు అనుకుంది.

ఆ సాయంత్రం ఇద్దరూ కుంఠా నాకా దగ్గరి దుకాణానికి వెళ్లారు. పన్నెండు వేలు దాటకూడదన్నది ఒప్పందం.

దుకాణం నడిపే మంగేశ్ వాళ్లకు తెలిసినవాడే. గది ఎంత ఉంటుందో అడిగి, "కాకా, అంత చిన్న ఖోలీకి ఐదెందుకు? టీవీ కింద పెట్టే సౌండ్‌బార్ ఒక్కటి చాలు. మాటలు సాఫ్ వినబడ్తయి, గోడల పొంటి వైర్లుండవు. ఈ రేటుల ఐదు స్పీకర్లంటే పెద్ద డబ్బా ఒక్కటే దడదడలాడ్తది" అన్నాడు.

"లేదు. నాలుగు దిక్కుల రావాలె" అన్నాడు అంబాదాస్.

"మంగేశ్ చెప్పేది ఇనవేందయ్యా" అంది సుందరాబాయి. ఆయన ఆమె వైపు చూడనైనా లేదు.

మంగేశ్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఐదు స్పీకర్లూ పెట్టాడు. అంబాదాస్ తృప్తిగా తలూపాడు. తర్వాత మంగేశ్ ముందువి ఆపి, వెనకవి మాత్రమే ఉంచాడు. ఆడ గొంతు ఒకటి పాడుతోంది. తలుపు దగ్గర నిలబడ్డ సుందరాబాయికి ప్రతి మాటా వినపడుతోంది.

"బంద్ చేసినవేంది?" అన్నాడు అంబాదాస్. "వెనకవి ఆన్ చెయ్యి, జర వింటా."

మంగేశ్ సుందరాబాయి వైపు చూశాడు. ఆమె మంగేశ్ వైపు చూసింది. వాళ్ల ముఖాలు గమనించి అంబాదాస్ గబగబా నవ్వాడు. "ఆఁ, ఆఁ. వస్తుంది. మస్తుగుంది."

అప్పటికి పాట అయిపోయింది. స్పీకర్లలో ఏమీ లేదు.

మంగేశ్ ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మావశీ, ఇయ్యాల ఏం కొనకుండ్రి. ముందు కాకాను చెవి డాక్టర్‌కు చూపియ్యుండ్రి."

ఇంటికి వచ్చాక ఆమె ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఎప్పటిసంది?"

"ఏంది?"

"ఎప్పటిసంది వినబడ్తలేదు?" ఈసారి గట్టిగా అడిగింది.

అంబాదాస్ నేల వైపు చూశాడు. "ఐదారేండ్లయితుంది. ఎడమది అంతకు ముందే పోయింది."

"నాకెందుకు చెప్పలే?"

"చెవిటోడంటే పనిలకెల్లి తీసేస్తరనుకున్న. పని ఇడిసినంక... నీకు చెప్పనీకి సిగ్గయింది."

"సిగ్గా?" అంది సుందరాబాయి. "గోడతోటి మాట్లాడినట్టు మాట్లాడిన రెండేండ్లు. నా మాటంటేనే నీకు గిట్టదనుకున్న. ఎన్ని దినాలు ఏడ్సిననో నీకెర్కేనా?"

ఆయన నెమ్మదిగా అన్నాడు. "నువ్వు టీవీ చూసుకుంట నవ్వుతవు. ఎందుకు నవ్వినవో నాకు తెల్వదు. నిన్ను చూసి నేను గూడ నవ్వుత. నాలుగు దిక్కుల పెడితే ఏదో ఒక దిక్కుకెల్లి మాట అందుతదేమో అనుకున్న. నీతోటి కలిసి నవ్వుదామని."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తను గిన్నెలతో మాట్లాడుతున్నప్పుడు, ఈయన ఇక్కడే కూర్చుని తన మాట అందుతుందేమోనని చూస్తున్నాడన్నమాట. ఒకే ఇంట్లో ఇద్దరూ ఎవరికి వారే ఒంటరిగా బతికారు.

మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లారు. ఎడమ చెవికి లాభం లేదన్నాడు. కుడి చెవికి మిషన్ పెట్టుకుంటే మాట తెలుస్తుందన్నాడు. హోం థియేటర్ కోసం దాచిన డబ్బుకు ఇంకొంత కలిపితే అది వచ్చింది.

మిషన్ పెట్టుకుని ఇంటికి వచ్చిన రోజు సుందరాబాయి ఆయన కుడి పక్కన పీట వేసుకుని కూర్చుంది. రెండేళ్ల మాటలు కడుపులో ఉన్నాయి.

"చెప్పు" అన్నాడు ఆయన.

"ఎక్కడిసంది చెప్పాలె?"

"నేను పని ఇడిసిన దినం సంది చెప్పు."

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఆ దినం నీకోసమని బెల్లం పూర్ణం పెట్టి పోలెలు చేసిన. నువ్వు తిన్నవ్. బెల్లం ఎక్కువైందా అని అడిగిన. నువ్వు జవాబియ్యలే. లేచి పోయి పండుకున్నవ్."

అంబాదాస్ ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"లేదే" అన్నాడు. "మంచిగ ఉండె."