తొమ్మిదో పాతర

సోనగాళిలో పొద్దుగూకాక తొమ్మిదో పాతర పక్కనుంచి ఎవరూ ఊరకే పోరు. లోపలికి ఒక మాట విసురుతారు. అది తిరిగొచ్చాకే ముందుకి అడుగేస్తారు.

ఇది కన్నడ, మరాఠీ సీమలు కలిసే ఊరు. ఊరికి పడమట, కృష్ణ ఒడ్డున, పసుపు పాతరలు వరసగా ఉంటాయి. రెండు నిలువుల లోతు, కుండలాంటి కడుపు, మనిషి ఒక్కడు పట్టే మూతి. పసుపుకొమ్ములు నింపి, బండ మూసి, మట్టి కప్పితే ఏళ్ళ తరబడి పురుగు పట్టదు. తీసేటప్పుడే జాగ్రత్త. బండ జరిపి సగం రోజు వదిలెయ్యాలి. తర్వాత తాడుకి లాంతరు కట్టి దించాలి. లాంతరు ఆరిందా — ఎవరూ దిగకూడదు. అడుగున చెడ్డగాలి ఉంటుంది. నొప్పి ఉండదు, కేక ఉండదు... నిద్రొస్తుంది, అంతే. పడుకున్నవాడు లేవడు.

తొమ్మిదో దాంట్లో అలా ఒకడు పడుకున్నాడట. నేను ఈ ఊరు రాకముందు మాట. పసుపు మోసే రోజుల్లో ఎక్కడినుంచో కూలికొచ్చినవాడు. పేరెవరూ అడగలేదు. తొందరలో దించారు, లాంతరు మరిచారు.

ఆ పాతర వాడకం మానేశారు. కానీ మూతి దగ్గర నిలబడి పిలిస్తే పలుకుతుంది. కన్నడంలో పిలిస్తే కన్నడంలో, మరాఠీలో పిలిస్తే మరాఠీలో, ఉర్దూలో పిలిస్తే ఉర్దూలో. అన్నమాటే అంటుంది.

"కుండలో నోరుపెట్టి అరిస్తే కుండ కూడా అంటుంది కదా," అన్నాను ఒకసారి. అందరూ నన్ను జాలిగా చూశారు.

ఆ దెయ్యం ఎవరివాడన్నది మాత్రం తేలలేదు. మీవాడంటే మీవాడని నవ్వుకునేవాళ్ళు. అయినా ఎందుకైనా మంచిదని సోమవారం ఎవరో కొబ్బరిచిప్ప పెట్టేవారు, గురువారం ఎవరో ఊదువత్తి వెలిగించేవారు, అమావాస్యకి ఎవరో రొట్టె మీద పెరుగన్నం పెట్టిపోయేవారు. జైనులు దెయ్యాలకేమీ పెట్టరు. కానీ సరిగ్గా అక్కడే పావురాలకి జొన్నలు చల్లేవారు!

నేను పాలమూరు మనిషిని. కాలవ తవ్వకానికి మా ఆయనతో వచ్చాను. ఆయన పోయాక బస్టాండు దగ్గర టీ బల్ల పెట్టుకుని ఉండిపోయాను. కన్నడంవాళ్ళకి నర్సవ్వని, మరాఠీవాళ్ళకి నర్సూబాయిని, ముసల్మానులకి నర్సమ్మ ఆపాని. ఎదుటి మనిషితో ఆ మనిషి మాటలోనే మాట్లాడడం ఇక్కడి మర్యాద. నాతో నా మాటలో మాట్లాడేవాళ్ళే లేరు. పాలిచ్చే గేదెతో నేనే తెలుగులో మాట్లాడుకునేదాన్ని. అది వినేది, పాపం.

ఆ రోజు పొద్దు వాలుతుండగా తానూబాయి నా బల్ల దగ్గరికి పరుగున వచ్చింది. పాతరలు తెరిచే ధోండీబా భార్య.

"నర్సూబాయీ, మా ఆయన ఇటొచ్చాడా?"

"రాలేదే. ఏం?"

"మధ్యాహ్నం మేక తాడు తెంపుకుపోయింది. మేక దొరక్కపోతే నువ్వూ ఇంటికి రావొద్దన్నాను." చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మేక దానంతటది వచ్చేసింది. మనిషే రాలేదు."

ఏటి ఒడ్డు వెతికానంది, చెరుకుతోటల్లో వెతికానంది. అంటుండగానే — పద్మణ్ణ వచ్చిపడ్డాడు. నిజంగానే పడ్డాడు, బెంచీ మీద. జైనుల పద్మణ్ణకి పొద్దుగూకేలోగా అన్నం తినెయ్యాలి, లేకపోతే ఆ పూటకి పస్తే, నీళ్ళూ ముట్టడు. అందుకే రోజూ పాతరల అడ్డదారిన ఇంటికి పరుగెత్తుతాడు.

"మారింది... దాని పద్ధతి మారింది నర్సవ్వా!"

"దేని పద్ధతి?"

"తొమ్మిదో పాతరది! 'ఎవరప్పా లోపల?' అన్నాను, రోజూ అనేట్టే. అదే మాట తిరిగి రావాలి కదా. రాలేదు. 'పద్మణ్ణా, అన్నం పొద్దు దాటిపోతోంది, ఇంకా ఇక్కడే ఉన్నావేం?' అంది. కన్నడంలో! మా మేనమామ అన్నట్టే అంది!"

"నీళ్ళు తాగు."

పడమటికి చూశాడు. సూర్యుడు లేడు. "ఇంకేం నీళ్ళు," అన్నాడు దీనంగా.

పక్కబల్ల మీదివాళ్ళు నవ్వారు. తానూబాయి నవ్వలేదు. చీకటి పడుతున్న దారికేసి చూస్తూ నిలబడింది.

కాసేపటికి సైకిల్ బాగుచేసే దస్తగీర్ వచ్చాడు. నమాజు అయ్యాక తోటకి నీళ్ళు కట్టడానికి వెళ్ళినవాడు. ఒక కాలికే చెప్పుంది.

"ఆపా... టీ. చక్కెర ఎక్కువ వెయ్యి." గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. "సలాం చెప్పాను. అదీ సలామే చెప్పాలి. కానీ 'వాలేకుం సలాం' అని తిరుగు సలాం చెప్పింది! ఆ తర్వాత... 'మీ అమ్మీకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా?' అని అడిగింది."

పద్మణ్ణ బెంచీ మీదికి కాళ్ళు ముడుచుకున్నాడు.

"మనుషుల్ని పేరుపేరునా పిలుస్తోంది," అన్నాడు పద్మణ్ణ గుసగుసగా. "ఇళ్ళలో సంగతులూ తెలుసు. ఇక రేపట్నుంచి—"

"మోకాళ్ళ నొప్పా?" అంది తానూబాయి.

"ఔను వదినా. మంచి ఉర్దూలో."

"దెయ్యానికి మీ అమ్మ మోకాళ్ళతో పనేంటి?" గొంతు పెరిగింది. "ఊళ్ళో మోకాళ్ళన్నీ కావాల్సింది ఒక్కడికే! నావి తప్ప! అది దెయ్యం కాదు... మా ఆయన!"

తాడు ఏదన్నది, లాంతరు ఏదన్నది. నా లాంతరే లాక్కుంది. వెళ్ళిపోయింది.

ఆడమనిషి ముందు నడుస్తుంటే మగాళ్ళు ఎంతసేపు కూర్చుంటారు? పద్మణ్ణ గునపం తెచ్చాడు. దస్తగీర్ మోట తాడు తెచ్చాడు. పక్కబల్లవాళ్ళూ లేచారు. నేను పొయ్యి ఆర్పి వాళ్ళ వెనకే పోయాను.

సగం మూసి ఉండే తొమ్మిదో పాతర బండ పక్కకి ఒరిగి ఉంది, మేకని వెతుకుతూ దాని మీద కాలు పెట్టినట్టున్నాడు. మూతి నల్లగా ఉంది.

తానూబాయి వంగింది. "ఏమయ్యా..."

చప్పుడు లేదు.

మాట తిరిగి రాలేదు. దెయ్యం మాటా లేదు, మనిషి మాటా లేదు...

"ఏమయ్యా! నేనే!"

చాలాసేపటికి, ఎక్కడో భూమి కడుపులోంచి, బరువుగా—

"మేక వచ్చిందా?"

"వచ్చింది!" అని ఏడ్చింది. "అది వచ్చింది, నువ్వు రా!"

దస్తగీర్ లాంతరు దించాడు. ధోండీబా ముఖం కనిపించింది. గోడకి వీపు ఆనించి, ఒంటికాలి మీద కొంగలా నిలబడి ఉన్నాడు. లాంతరు ఛాతీ దాకా వెలిగింది. నడుం దగ్గర మినుకుమంది. మోకాళ్ళ దగ్గరికి పోగానే — ఆరిపోయింది.

చెడ్డగాలి నడుం దాకా వచ్చిందని అందరికీ తెలిసిపోయింది.

గునపంతో మూతి పగలగొట్టి వెడల్పు చేశారు. తాడు చంకల కింద బిగించుకోమని పైనుంచి కేకలేశారు. ఆరుగురు లాగితే పైకొచ్చాడు, మట్టీ పసుపూ పూసుకుని, పెళ్ళికొడుకులాగా.

తానూబాయి ముందు ఒళ్ళంతా తడిమింది. తర్వాత తిట్టడం మొదలెట్టింది.

"చావు గుంటలో నిలబడి కుశలప్రశ్నలా? తాడు తెమ్మని అడగడానికి ఏమైంది?"

"అడగబోయాను. పలకరించకుండా పని చెబితే ఏం బాగుంటుంది? ఇద్దరూ మధ్యలోనే పారిపోయారు."

"మరాఠీలో అరిస్తే నువ్వేనని తెలిసేది కదా ధోండీబా!" అన్నాడు పద్మణ్ణ.

"నీతో మరాఠీలో ఎందుకు మాట్లాడతాను? నువ్వు కన్నడం పిలుపు పిలిస్తివి!"

అందరూ నవ్వారు. పద్మణ్ణ పస్తు మరిచిపోయి నవ్వాడు.

"కూర్చోలేదు, అందుకే బతికావు," అన్నాడు దస్తగీర్. "చీలమండ అలా వాచిపోయి ఉంటే ఇంతసేపు ఎలా నిలబడ్డావు?"

"కూర్చోనిస్తేగా!"

"ఎవరు?"

ధోండీబా మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. "మీలో ఒకరనుకున్నాను... పైనుంచేమో అనుకున్నాను మొదట. నాకూ తెలుసు కూర్చోకూడదని, కానీ నిద్ర ముంచుకొచ్చింది. ఒరగబోయేసరికి ఎవరో కసిరారు. మళ్ళీ ఒరిగితే మళ్ళీ. మరాఠీలో అడిగాను ఎవరని. కన్నడంలో అడిగాను, ఉర్దూలో అడిగాను. ఏదీ తెలిసినట్టు లేదు. తనకొచ్చిన మాటే అనేవాడు, పక్కన నిలబడి... చంక కింద చెయ్యి వేసి."

"ఏం మాట?"

"ఏ భాషో! వందసార్లు విన్నాను, నోటికొచ్చేసింది." ధోండీబా కళ్ళు మూసుకుని, తడుముకుంటూ, వంకర యాసతో అన్నాడు—

"పండకు బిడ్డా... పండకు. వస్తున్నరు."

ఎవరికీ అర్థం కాలేదు.

ఇప్పటిదాకా వాళ్ళ మాటలన్నీ నేను మన మాటలోకి తిప్పి రాశాను. ఈ ఒక్కదాన్ని మాత్రం తిప్పలేదు. ధోండీబా నోట ఎలా వచ్చిందో అలాగే ఉంది.

పగిలిన మూతి దగ్గరే కూలబడ్డాను. "ఏం నర్సూబాయీ?" అంది తానూబాయి.

మూతి అంత పగిలాక ఆ పాతర పలకడం మానేసింది. పిల్లలు వెళ్ళి అరిచి చూశారు, పెద్దవాళ్ళూ అరిచి చూశారు. ఉత్త గొయ్యి. దెయ్యం వదిలిందన్నారు. నేను ముందే అన్నాను కదా కుండ అని, అనలేదా?

వచ్చిన అమావాస్యకి జొన్నరొట్టె కాల్చి, మీద ఎర్రకారం రాసి, పొద్దుగూకే వేళ పట్టుకెళ్ళాను. మూతి దగ్గర పెట్టాను. పిచ్చిదాన్ననుకుంటారని అటూ ఇటూ చూసుకుని, మెల్లగా అడిగాను, ఇన్నేళ్ళూ ఎవరూ అడగని మాట.

"అన్నా... నీదే ఊరు?"

చప్పుడు లేదు. పావురాలు కూడా ఎగరలేదు. నాలో నేనే నవ్వుకుని, చెంగు దులుపుకుని వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేశాను.

"ముందు నీదే ఊరో చెప్పక్కా," అని వినిపించింది.

వెనక్కి తిరగలేదు. పరుగెత్తనూ లేదు. ఎదుటి మనిషి అడిగాక చెప్పకుండా పోవడం మా ఊళ్ళో మర్యాద కాదు.

"మక్తల్ పక్కనన్నా," అన్నాను.