మంచం మలుపు

కల్యాణసింగ్‌పూర్ పైనున్న కొండల్లోంచి దిగే దారిలో ఒక మలుపుంది. పొద్దుగూకాక దాన్ని దాటడానికి జీపులవాళ్ళు కూడా ఒప్పుకోరు. ఎప్పుడో ఒక నిండు గర్భిణిని మంచమ్మీద మోసుకొస్తూ, ఎలుగుబంటి అరుపు వినగానే మోసేవాళ్ళు మంచం దించేసి పారిపోయారట. తెల్లారి వచ్చి చూస్తే ప్రాణం లేదు. అప్పట్నుంచీ అది మంచం మలుపు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఆ కొండ మీది బడిలో పాఠాలు చెప్పే రూబెన్ మేస్టారు అబద్ధమాడే మనిషి కాదు... అదే నా చిక్కు.

పోయిన వర్షాల్లో ఆయన భార్య శాలినికి మలేరియా తలకెక్కింది. దారి కోసుకుపోయి అంబులెన్సు కొండ కిందే ఆగిపోయింది. రాత్రిపూట ఆ మలుపు దాటి మొయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. మోకాళ్ళ నొప్పితో బడి మెట్లే ఎక్కలేని మేస్టారు, ఆమెను దుప్పటితో వీపుకి కట్టుకుని బయల్దేరాడు. భార్యంటే ఆయనకి అంత ప్రాణం.

ఆ కొండల్లో రోగిని మోసేవాళ్ళు దారంతా మాట్లాడుతూనే ఉంటారు. రోగి ఊఁ కొడుతూ ఉండాలి. ఊఁ ఆగితే ప్రాణం జారిపోతుందని భయం. మేస్టారికి కథలు రావు. బడి హాజరుపట్టీలోని పిల్లల పేర్లు అందుకున్నాడు.

"సుభశ్రీ..."

"ఊఁ."

"బిశ్వజిత్..."

"ఊఁ..."

సరిగ్గా మలుపు దగ్గర ఫోను లైటు ఆరిపోయింది. మోకాళ్ళు మడతపడ్డాయి.

"శాలినీ... పడుకోకు. ఏటైనా సెప్పు. నువ్వు పలక్కపోతే నానిక్కడే కూలబడిపోతాను..."

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"జోగయ్య..." అన్నాడు ఏడుస్తూ.

"ఊఁ."

ఆ ఒక్క ఊఁతో ఆయనకి ప్రాణం లేచొచ్చింది. నలభైమంది పేర్లూ రెండుసార్లు పిలిచాడు. కళ్ళు కనపడని చీకట్లో ఆ ఊఁ వెంటే అడుగులేశాడు — అంబులెన్సు దీపాలు కనబడేదాకా.

శాలిని బతికింది. బిస్సమ్ కటక్ ఆసుపత్రిలో మూడోనాడు కళ్ళు తెరిచింది.

"అన్ని పేర్లకీ ఎంత ఓపిగ్గా పలికేవమ్మీ," అన్నాడు మేస్టారు ఆమె చెయ్యి పట్టుకుని.

"మలుపు కాడ లైటు ఆరిపోయింది కదండి... ఆ తరవాత నాకేటీ తెలీదు," అంది.

ఇదంతా నాకు చెప్పింది మేస్టారే. చివర్లో గొంతు తగ్గించి అన్నాడు —

"దాని తల నా భుజమ్మీదే ఉంది బాబూ. ఊఁ మాత్రం... నాకు నాలుగడుగుల ముందునుంచి వచ్చేది."