పెరటి గదిలో మూడు రోజులు

మీటరు మళ్ళీ ఆకుపచ్చే చూపించింది. డాక్టర్ నళినీబాల బ్యాటరీ మార్చింది, సెన్సర్ తుడిచింది. రంగు మారలేదు.

అది నుదుటికి కట్టుకునే చిన్న పట్టీ. ఒంటరిగా కూర్చున్న మనిషి తన ఇష్టంతో కూర్చుందో, ఎవరైనా కూర్చోబెడితే కూర్చుందో మెదడు సిగ్నల్స్‌ని బట్టి చెబుతుంది. ఇష్టమైతే ఆకుపచ్చ, బలవంతమైతే ఎరుపు.

ఆ ఊరికి కూరగాయలు డ్రోన్ల మీద వస్తున్నాయి. నెలసరి వచ్చిన ఆడదాన్ని మూడు రోజులు పెరటి గదిలో కూర్చోబెట్టే ఆచారం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ గదుల్లో పద్నాలుగు మందికి పట్టీలు కడితే పదమూడు ఎర్రబడ్డాయి. యాభై మూడేళ్ళ వరహాలమ్మది ఒక్కటే ఇలా. ఈ లెక్క బయటికొస్తే పెద్దమనుషులకు పండగే అనుకుంది నళిని. కారణమేమిటని అడిగింది.

వరహాలమ్మ లేచి తలుపు దగ్గరికి వేసింది.

"నాకది ఆగిపోయి రెండేళ్ళయిందమ్మా. ఇంట్లో తెలీదు. తెలిస్తే ఈ మూడు రోజులూ కూడా పొయ్యి దగ్గరే. నా పేరు రాయకు తల్లీ."

నళిని పేరు రాయలేదు. తానుగా ఎంచుకున్న ఏకాంతం ఆడవాళ్ళకు సుఖాన్నిస్తుందని రిపోర్టు రాసింది. అధికారులు 'తానుగా ఎంచుకున్న' అన్న మాటలు దాటేసి గ్రాఫులో ఆకుపచ్చ గీత ఒక్కటే చూశారు. నలభై దాటిన ప్రతి స్త్రీకీ నెలకు మూడు రోజుల ఏకాంతం తప్పనిసరి చేశారు. తేదీలు వాళ్ళే వేశారు. పట్టీ రంగు మొగుడి ఫోన్లో కనబడే ఏర్పాటూ చేశారు.

ఆర్నెల్ల తర్వాత నళిని ఆ ఊరు వెళ్ళేసరికి, వరహాలమ్మ మొగుడు సింహాద్రి పెరటి గది ముందు కుర్చీ వేసుకుని ఫోను చూస్తున్నాడు.

"మేమే వండుకుంటన్నాం మేడమ్. అయినా ఎర్రగానే ఉంటంది. దీనికి సుకపడ్డం కూడా చేతకాదు."

ముసలి అత్తగారు గంటకోసారి వచ్చి రంగు అడిగి పోతోంది. లోపల వరహాలమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నళినిని తిట్టలేదు. అరిటాకులో వేరుశనక్కాయలు పెట్టి, తినమంది.

"దొంగతనంగా తీసుకున్నప్పుడు ఆ మూడు రోజులూ నావమ్మా. ఇప్పుడు మీరిచ్చారు. ఇచ్చినోళ్ళు ఊరుకుంటారా?"

నళిని నోరు తెరిచేలోగా తలుపు మీద దబదబా బాదారు.

"ఏటే," అన్నాడు సింహాద్రి బయట్నించి, "ఇంకా సుకంగా లేదేటి నీకు?"